యూత్ లీడర్‌కి సెలవు ఎప్పుడు?

ఆదివారం ఆరాధనలో అందరూ కళ్ళు మూసుకుని పాడుతుంటారు. చర్చిలో యువతను నడిపించే యూత్ లీడర్ మాత్రం గోడ పక్కన నిలబడి ఎవరెవరు రాలేదో లెక్కపెడుతూ, సాయంత్రం మీటింగ్‌కి గిటార్ వాయించే తమ్ముడు వస్తాడో రాడో అని ఫోన్ చూసుకుంటుంటుంది. ఆరేళ్లు అలా నిలబడ్డాను నేను. చివరి ఏడాది, రాత్రి పదకొండింటికి "అక్కా, మాట్లాడాలి" అని ఒక పిల్ల మెసేజ్ పెడితే జాలి కలగలేదు, చిరాకు వేసింది. అప్పుడు నా మీద నాకే భయమేసింది.

పెద్దలకు చెప్పుకుంటే "ఇంకా ప్రార్థన చెయ్యమ్మా, ప్రభువు బలమిస్తాడు" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ నేను ప్రార్థన తగ్గి అలసిపోలేదు. బైబిల్లో అలసిపోయి బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవుని దూత మందలించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు చూపించాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపినప్పుడే ప్రయాణం మాట ఎత్తాడు.

బర్నౌట్ గురించి, అంటే పని భారంతో మనసూ ఒళ్ళూ పూర్తిగా అలసిపోవడం గురించి, 1974లో రాసిన మనస్తత్వ నిపుణుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దాన్ని గమనించింది ఉచిత క్లినిక్‌లో మనసుపెట్టి సేవ చేసేవాళ్ళలోనే. అంకితభావంతో పనిచేసేవాళ్ళే ఎక్కువగా ఇలా కాలిపోతారని ఆయన రాశాడు.

భారమంతా ఒక్కడివే మొయ్యకు, పంచు అని మోషేకి మామ యిత్రో ఇచ్చిన సలహా మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది బైబిల్లోని సంఖ్యాకాండము 8వ అధ్యాయం. దేవుని ఆరాధనా స్థలమైన ప్రత్యక్ష గుడారంలో పనిచేసే లేవీయులు 25 ఏళ్లకు సేవలో చేరాలి, 50 ఏళ్లకు ఆ పని మానాలి. ఆ తర్వాత తోటివారికి సాయంగా ఉండొచ్చు. ప్రత్యక్ష గుడారంలో సేవకే గడువుంటే మన యూత్ మీటింగ్‌కి ఎందుకు ఉండకూడదు?

యూత్ లీడర్ బాధ్యత రెండేళ్లేనని ముందే చెప్పండి. మొదటి రోజు నుంచే ఇద్దరికి అప్పగించండి. నెలకొక ఆదివారం ఏ పనీ చెప్పకుండా కూర్చోనివ్వండి. రాత్రి మెసేజ్‌లు ఇద్దరూ వంతులవారీగా చూసుకోవాలి. ప్రాణం మీదికి వచ్చే సంగతైతే ఇరవై రెండేళ్ల అమ్మాయి నెత్తిన ఒంటరిగా పెట్టకండి. వెంటనే పాస్టర్ గారికీ, అవసరమైతే డాక్టర్‌కీ చేరాలి. ఇక ఎవరైనా తప్పుకుంటానంటే "ఆత్మీయంగా చల్లారిపోయింది" అనకండి. నేను ఆ మాట పడ్డాను. చాలా రోజులు గుడికి రావడానికే మొహం చెల్లలేదు.

తిరిగి వచ్చిన ఆదివారం చివరి వరుసలో కూర్చున్నాను. చేతిలో ఫోన్ లేదు. మూడో చరణానికి ఏడుపొచ్చింది. ఒక పాటను ఆ చరణం దాకా పాడి ఎన్నేళ్లయిందో.