మోస్తరు మనిషి వాంగ్మూలం

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. వయసు 46, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఈ వివరాల్లో దేశానికి పనికొచ్చేదేమీ లేదు. అయినా ఇవి లేకుండా లెక్క మొదలవ్వదు కాబట్టి మొహమాటం లేకుండా చెప్పేస్తున్నాను.

కిందటి నెల కొత్తపేటలో ఒక డాక్టరు గారు నా పొట్ట మీద రెండు వేళ్లతో తట్టి, పుచ్చకాయ బేరమాడే మనిషిలా కాసేపు ఆలోచించి, "రోజుకి ఎన్ని కేలరీలు తింటున్నారు, ఎన్ని ఖర్చు పెడుతున్నారు? లెక్క వేసుకు రండి" అన్నారు. లెక్కలకు నేను భయపడతానా? రైతు ఖాతా, వ్యాపారి బాకీ, హమాలీ కూలి రోజూ రాసే చెయ్యే ఇది. ఆ రాత్రే కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.

మొదటి మెట్టు సులువే. 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం ఒకటుంది. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి రెండూ కలపాలి. వయసును 5తో గుణించి అందులోంచి తీసెయ్యాలి. మగవాడైతే 5 కలపాలి, ఆడవారైతే 161 తీసెయ్యాలి. నాకు 1605 వచ్చింది. అంటే రోజంతా మంచం మీద కదలకుండా పడున్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి ఆడడానికి, ఒంట్లో వేడి నిలవడానికి ఇన్ని కేలరీలు కావాలన్నమాట. ఏ పనీ చెయ్యకపోయినా 1605 జీతం! ఇంత ధర్మాత్ముడైన యజమాని మా యార్డులో ఇంతవరకు దొరకలేదు.

రెండో మెట్టు మీద కాలు జారింది. "మీ శ్రమ ఎలాంటిది?" అని ఐదు గళ్లున్నాయి. కూర్చుని చేసే పనైతే 1.2, తేలిక పనైతే 1.375, మోస్తరైతే 1.55, గట్టి శ్రమైతే 1.725, విపరీతమైతే 1.9. ఏ గడిలో టిక్కు పెడితే ఆ అంకెతో 1605ను గుణించాలి. మొదటి గడికి 1926 వస్తుంది, చివరి గడికి 3050. తేడా 1124 కేలరీలు. ఇడ్లీ ఒక్కింటికి 50 వేసుకుంటే 22 ఇడ్లీలు. పెన్సిలు రెండంగుళాలు కిందికి జరిపితే చాలు, 22 ఇడ్లీల మీద మనకు హక్కు పుడుతుంది. చట్నీ, నెయ్యి, కారప్పొడి వేరే ఖాతా.

ఇంత అధికారం చేతికిచ్చి, నిజాయితీగా టిక్కు పెట్టమంటే ఎలా?

పైగా నాది ఏ గడి? ఫిబ్రవరి, మార్చి నెలల్లో నన్ను చూసినవాళ్లు గుమస్తా అనరు, పరుగు పందెం అంటారు. తెల్లారకముందే లారీల దగ్గర ఉండాలి. తేజ రకం మిర్చి ఎక్కడ దించారు, 341 రకం ఎక్కడ దించారు, రంగు పోయిన తాలు కాయ ఎవరి లాటులో కలిసింది, రైతు ఏ చెట్టు కింద నిద్రపోతున్నాడు, కొనేవాడు ఏ షెడ్డులో తిరుగుతున్నాడు, ఇదంతా నా కాళ్లే తేల్చాలి. వేసవి సెలవులు అయ్యాక సరుకంతా కోల్డ్ స్టోరేజీల్లో ఉంటుంది, నేను కుర్చీలో ఉంటాను. ఇద్దరం చల్లగానే ఉంటాం. వానాకాలంలో నా అతిపెద్ద శారీరక శ్రమ, ఫ్యాను గాలికి ఎగిరిన బిల్లును కాలితో దగ్గరికి లాక్కోవడం. సీజన్లోనైనా వారమంతా ఒకలా ఉండదు. మూడు రోజులు ఉరుకులు, రెండు రోజులు లెక్కల పుస్తకాలు, సెలవు రోజుల్లో మంచం.

నేనేం చేశానో మీకు తెలిసిపోయే ఉంటుంది. 1.725లో టిక్కు పెట్టాను. 1605ను దాంతో గుణిస్తే రోజుకి 2769. అంతా తిన్నాను.

ఇక్కడ మన జాతి స్వభావం గురించి ఒక్క మాట. యార్డులో మిర్చికి రోజూ మూడు ధరలు చెబుతారు: కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర. ఎక్కువ సరుకు ఏ రేటుకి పోయిందో అది మోడల్ ధర. అప్పు ఇచ్చేవాడు చూసేది ఆ మూడోదాన్నే. మనిషి తన శ్రమకు మాత్రం బోర్డు మీద గరిష్ఠ ధర ఒక్కటే రాసుకుంటాడు. ఎప్పుడో మార్చిలో ఒక మంగళవారం పడ్డ కష్టాన్ని చూపించి, సెప్టెంబరు దాకా రెండోసారి అన్నం పెట్టించుకుంటాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. నా విషయంలో కొండే పెరిగింది.

టీ కొట్టు దగ్గర ఈ సంగతి ఎత్తితే తలా ఒక సాక్ష్యం ఇచ్చారు. ఒకాయన చెమటను ప్రమాణంగా తీసుకోమన్నాడు. చెమట ఒంటిని చల్లబరచడానికి పడుతుంది, అదేమీ ఖర్చుపెట్టిన కేలరీల రసీదు కాదు. అది రసీదే అయితే మే నెలలో గుంటూరు మొత్తం హెవీ వర్కరే, బ్రాడీపేటలో వరండాలో కూర్చుని పేపరు చదివే రిటైర్డు హెడ్మాస్టరు గారితో సహా. ఇంకొకాయన ఘాటుకి రోజంతా తుమ్ముతున్నాం కదా, ఆ తుమ్ములను కలపమన్నాడు. ఐదు గళ్లలో ఎక్కడా తుమ్ములకు చోటు లేదు. మా క్యాషియరు టెన్షన్ సంగతి అడిగాడు. మెదడు ఊరికే ఉన్నప్పుడే ఒంటి ఖర్చులో దాదాపు ఐదో వంతు లాగేసుకుంటుందట. అయితే టెన్షన్ పడ్డంత మాత్రాన దాని మీద పెరిగేది చాలా కొంచెమేనట. ఆ మాట విన్నాక ఆయన టెన్షన్ ఇంకా పెరిగింది, మిరపకాయ బజ్జీ తెప్పించుకున్నాడు.

సరే, పెద్దల తీర్పు చూద్దామని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల పట్టిక తీశాను. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్ చేరిన సంస్థ. 2020 నాటి వాళ్ల లెక్కలో కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకి 2110 కేలరీలు, మోస్తరు శ్రమకు 2710, బరువు పనికి 3470. ఆడవారికి వరసగా 1660, 2130, 2720. అయితే ఇవన్నీ 65 కిలోల ఆదర్శ పురుషుడికి, 55 కిలోల ఆదర్శ మహిళకు. ఆ 65 కిలోల పురుషుణ్ణి నేను ఆఖరిసారి చూసింది మా పెళ్లి ఫోటోలో.

3470 అనే అంకె ఎవరిదో చూడాలనిపించింది. మా కొట్టు ముందు ఒక హమాలీ పెద్దాయన ఉన్నాడు. నలభై కిలోలు దాటే టిక్కీని, అంటే మిర్చి బస్తాని, నేను మాట పూర్తి చేసేలోపు లారీలోకి ఎత్తేస్తాడు. "పెద్దాయనా, మీది ఏ గడి?" అని అడిగాను.

"గడేంది గుమస్తా గారూ, టిక్కీకి ఇంత అని ఇస్తారుగా" అన్నాడు.

"తిండి సంగతి అడుగుతున్నా."

"సరుకొచ్చిన రోజు తిండి గట్టిగా ఉంటది. రాని రోజు దానంతటదే తగ్గిద్ది."

ఏ సూత్రమూ లేకుండా ఆయన శ్రమకు తగ్గట్టు తిండిని సర్దేస్తున్నాడు. అందులో ఆయన గొప్పతనం ఎంతో, జేబు పాత్ర ఎంతో నేను తేల్చబోను. నాకు మాత్రం ఒకటి అర్థమైంది. నాది నెల జీతం. నెల జీతగాడి ఆకలికి సీజన్ ఉండదు.

అప్పుడు సిగ్గుపడి అసలు లెక్క వేశాను. రకరకాల పని చేసేవాడు ఒక్క గడిలో ఇరుక్కోకూడదు, ఏ రోజుకి ఆ రోజు విడిగా వేసుకుని వారానికి సగటు తీయాలి. ఉరుకుల రోజులు మూడు, 1.725 గడి, ఒక్కోటి 2769. పుస్తకాల రోజులు రెండు, 1.375 గడి, ఒక్కోటి 2207. మంచం రోజులు రెండు, 1.2 గడి, ఒక్కోటి 1926. మొత్తం 16573, ఏడుతో భాగిస్తే 2368. అంతా చేసి నేను 1.55 గడికి కూడా అందలేదు! ఇది నిండు సీజన్ సంగతి. రోజుకి 2769 తింటున్న నాకు రోజూ 401 మిగులు. కిలో కొవ్వుకు సుమారు 7700 కేలరీలంటారు. కాగితం మీద 19 రోజులకో కిలో. వానాకాలం లెక్క వెయ్యలేదు. కొన్ని ఖాతాలు తెరవకపోవడమే మంచిదని మా సేటు నాకు నేర్పాడు.

డాక్టరు గారు ఆ కాగితం చూసి సంతోషించలేదు. సూత్రాలన్నీ అంచనాలేనట. రెండు మూడు వారాలు తిన్నది తిన్నట్టు రాసుకుని, రోజూ పొద్దున్నే బరువు చూసుకుని, వారం వారం సగటు ఎటు పోతోందో చూడమన్నారు. బరువు నిలబడితే తిన్నదే అవసరం, పెరిగితే అంకె తప్పు. నాలుగు దశాంశాల దాకా గుణించిన మనిషిని పట్టుకుని, కాటా ఎక్కు చాలు అనడం నాకు అవమానంగానే తోచింది. కానీ యార్డులో పనిచేస్తూ కాటాను నమ్మనంటే బాగుండదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు వారం లెక్క వివరించాను. శ్రద్ధగా విని, "మరి నాది ఏ గడండీ?" అంది. ఇంట్లోనే ఉంటావు కదా, 1.2 అన్నాను. ఆవిడ కాగితం తన వైపు తిప్పుకుంది.

"మీకు సెలవైన రోజు మీరెక్కడుంటారు?"

"మంచం మీద."

"ఆ రోజు పొద్దున పెసరట్టు ఎవరు వేస్తారు? కోడి కూర, గారెలు ఎవరు చేస్తారు? మీ అక్కయ్య గారు, పిల్లలు వస్తే అంట్లు ఎవరు తోముతారు?"

నేను పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను. మా ఇంట్లో నా 1.2 రోజే ఆవిడ 1.725 రోజన్న సంగతి ఇన్నేళ్ల గుమస్తాగిరీలో నా పద్దుల్లోకి రాలేదు. ఆవిడ ఇంకేమీ అనలేదు. కాగితాన్ని మడిచి పోపుల డబ్బా కింద పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం గోంగూర మాంసం. మొదటి వాయి అన్నం అయిపోయింది. కంచంలో చెయ్యి అలాగే ఉంచి ఎదురు చూస్తున్నాను. ఆవిడ గిన్నె మీద మూత పెట్టేసింది.

"ఇంకొంచెం..." అన్నాను.

"ఇవాళ ఆదివారమండీ, మీది ఒకటి పాయింటు రెండు" అని, తన కంచం ముందుకు లాక్కుని రెండు గరిటెలు వడ్డించుకుంది.