20 టన్నుల జాకీ ఉంటే స్టాండ్లు దండగేనా?

లారీని జాకీతో లేపి పని చేయడం గురించి లారీ పనివాళ్ల ఫోన్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "జాకీ 20 టన్నులదైతే స్టాండ్లు (లేపిన బండిని మోసే ఇనుప కాళ్లు) దండగ. గేరులో వేసి హ్యాండ్ బ్రేక్ లాగితే చక్రాలకు అడ్డు అక్కర్లేదు. సిమెంటు నేలైనా తారు నేలైనా జాకీ కింద చెక్క వేయనక్కర్లేదు. అంత భయమైతే స్టెప్నీని కిందకు తోసి పని చేసుకోండి." చదవడానికి అనుభవజ్ఞుడి మాటలాగే ఉంది. నాలుగు మాటల్లో మూడున్నర తప్పు.

20 టన్నుల జాకీ 20 టన్నులు లేపుతుంది, కాదనను. కానీ లేపడం వేరు, లేపినదాన్ని మోస్తూ ఉండటం వేరు. బాటిల్ జాకీలో (సీసాలా నిలబడే నూనె జాకీ) బరువంతా నూనె మీద ఉంటుంది. ఆ నూనెను ఆపేవి సీళ్లు, వాల్వులో గోళీ. గోళీ కింద ఇసుక రేణువంత మురికి చేరినా నూనె మెల్లగా వెనక్కి పోతుంది. అనుమానముంటే ఖాళీ లారీ చక్రాన్ని కాస్త లేపి, టైరు కింద వదులుగా ఒక అట్టముక్క దూర్చి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా వదిలేయండి. భోంచేసి వచ్చి లాగితే అట్ట రాలేదా, మీ జాకీ సంగతి తెలిసినట్టే. ఇక సీలు తెగితే మెల్లగా దిగడం కూడా ఉండదు. స్టాండులో నూనె లేదు, ఇనుప గొట్టంలో ఇనుప పిన్నే ఉంది. అందుకే జాకీతో లేపి, యాక్సిల్‌ను (చక్రాల ఇరుసును) స్టాండ్ల మీదకు దించి, అప్పుడు కిందకు దూరాలి. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: కొన్ని స్టాండ్ల మీద రాసిన టన్నులు జతకి, కొన్నింటి మీద ఒక్కోదానికి. తేడా సగానికి సగం!

గేరు సంగతి ఇంకా ప్రమాదం. వెనక ఒక పక్క చక్రాలు గాలిలోకి లేచాయంటే గేరు పట్టు పోయినట్టే. రెండు పక్కల చక్రాలను వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం వెనక్కి తిరుగుతుంటే నేల మీది చక్రం ముందుకు దొర్లగలదు. హ్యాండ్ బ్రేక్ మామూలుగా వెనక చక్రాలనే పడుతుంది. ఒకే వెనక యాక్సిల్ ఉన్న బండిలో ఆ యాక్సిల్ మొత్తం లేపితే, నేల మీద మిగిలిన ముందు చక్రాలను ఆపేవాడే లేడు. కాబట్టి లేపని చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాల్సిందే.

నేల విషయంలో కొంచెం లెక్క చూద్దాం. జాకీ పీట 15 సెంటీమీటర్ల చదరం, మీద 5 టన్నులు అనుకుంటే చదరపు సెంటీమీటరుకు 22 కిలోలు. లారీ టైరు నేలను నొక్కేది సుమారు 8 కిలోలతో. అంటే టైరు దిగబడని తారులో ఎండపూట జాకీ దిగబడొచ్చు, అదీ ఒక పక్కకే ఎక్కువగా. అప్పుడు జాకీ వంగుతుంది, యాక్సిల్ దాని తల మీంచి జారుతుంది. జాకీ కింద 40 సెంటీమీటర్ల చదరం గట్టి చెక్క వేస్తే అదే ఒత్తిడి 3 కిలోలకు దిగుతుంది. ఇటుకలు మాత్రం వద్దు, పగిలేటప్పుడు చెప్పి పగలవు. మంచి సిమెంటు నేల మీదైతే చెక్క లేకున్నా నడుస్తుంది. ఆ సలహాలో నిజమున్న అరముక్క ఇదే.

స్టెప్నీ ఆఖరి ఆసరా అంతే, స్టాండు కాదు. పడుకోబెట్టిన టైరుకూ చాసిస్‌కూ (బండి అడుగు చట్రానికీ) మధ్య చాలా సందు ఉంటుంది. బండి మొదట ఆ సందంతా కిందికి పడి, ఆ ఊపుతో టైరును నొక్కుతుంది. మీ చెయ్యో ఛాతీయో ఉండేది ఆ సందులోనే. స్టాండ్లు పెట్టాక అదనంగా తోస్తే మంచిదే.

"దారిలో పంక్చరైతే స్టాండ్లు ఎక్కడి నుంచి తెస్తాం?" అంటారా? చక్రం మార్చడానికి బండి కింద దూరే పనే లేదు. బండిని లేపకముందే నట్లు కొంచెం వదులు చేసి, పక్కన నిలబడి మార్చుకోండి. కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) గానీ, బ్రేకు గానీ చూడాలంటే మాత్రం స్టాండ్లు వచ్చేదాకా ఆగండి.