బొద్దింకల బదిలీ విధానం

కూకట్‌పల్లిలోని మా ఇరవై ఫ్లాట్ల భవనంలో బొద్దింకల నిర్మూలన పదేళ్లుగా నిరాటంకంగా సాగుతోంది. నిర్మూలన అనేది మర్యాద కోసం వాడే మాట. జరిగేది బదిలీ. రెండో అంతస్తువారు మందు కొట్టిస్తే అవి మూడో అంతస్తుకు వస్తాయి, మేం కొట్టిస్తే పక్క ఫ్లాటుకు వెళతాయి. ప్రభుత్వోద్యోగుల బదిలీలకైనా అప్పుడప్పుడు నిషేధం ఉంటుంది, వీటికి అదీ లేదు. ప్రయాణభత్యం అడగకుండా, సిఫారసు ఉత్తరం తేకుండా, సింకు గొట్టం పక్కనున్న కంతలోంచి రాత్రికి రాత్రి వచ్చి విధుల్లో చేరిపోతాయి.

ముందు వీటి కులగోత్రాలు తెలుసుకోవాలి. స్నానాల గది తూములోంచి మీసాలు తిప్పుతూ వచ్చే ఎర్రటి పెద్దది అమెరికన్ బొద్దింక. మిక్సీ అడుగున, ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో కాపురముండే చిన్నది, మెడ వెనక రెండు నల్లచారలున్నది, జర్మన్ బొద్దింక. పేర్లు చూసి విదేశీ సరుకని గౌరవించనక్కర్లేదు. అమెరికనుది అసలు ఆఫ్రికా. జర్మనుకు ఆ పేరు 1767లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టాడు గానీ, 17 దేశాల బొద్దింకల డి.ఎన్.ఎ.ను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2024లో అసలు సంగతి బయటపెట్టారు. సుమారు 2,100 ఏళ్ల కిందట అది పుట్టింది భారతదేశంలోనో మయన్మార్‌లోనో. అంటే మనవాడే. దేశాలు తిరిగి, అక్కడి పేరు తగిలించుకుని, మన వంటింట్లోనే తింటూ మనల్నే లెక్కచేయడం లేదు. ఇలాంటివారు మా బంధువుల్లోనూ ఇద్దరున్నారు. వారు వస్తే మాత్రం గారెలు వండుతాం.

ఇక వైద్యాలు. సుద్దముక్కతో గడపకు గీత గీశాను. రావణుడంతటివాడు ఆగిన చోట ఇది ఆగలేదు. బిర్యానీ ఆకు పెడితే పారిపోతాయని మా పెద్దమ్మ చెబితే అలమరలో పరిచాను. మర్నాడు ఎత్తి చూస్తే ఆ ఆకుల కిందే నాలుగు నిద్రపోతున్నాయి.

చివరికి మందు పెట్టే కుర్రవాడిని పిలిపించాను. సిరంజితో అలమర కీళ్లలో, సింకు కింద, స్టౌ గట్టు చివర ఆవగింజంత చుక్కలు పెట్టాడు. "ఇది తిన్నది గూటికి వెళ్లి చస్తుందండీ. దాని శవాన్ని, మలాన్ని తిన్నవి కూడా చస్తాయి. ఓ పది రోజులు ఆగండి. తుడవకండి, దీని మీద స్ప్రే కొట్టకండి. కొడితే ఆ వాసనకి ఇటు రావు, పక్కింటికి పోతాయి" అన్నాడు. డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి మా అమ్మ "ఆ అబ్బాయి గోడలకు ఏమిటో పూసిపోయాడురా" అంటూ సగం చుక్కల్ని సబ్బునీళ్లతో తుడిచేసింది. మిగతా సగం మీద నేను, ఎందుకైనా మంచిదని, స్ప్రే కొట్టాను.

స్ప్రేకి కళ్లెదుట ఒకటి వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటుంటే కలిగే తృప్తి వేరు. కానీ ఫ్రిజ్ వెనక తల్లి తోకన గోధుమగింజంత తిత్తి వేలాడుతూ ఉంటుంది. అందులో 30, 40 గుడ్లుంటాయి. పిల్లలు బయటికొచ్చే సమయం దాకా దాన్ని మోసుకునే తిరుగుతుంది. నాకు మాత్రం చచ్చిన ఒక్కటే కనబడింది.

ఇంతకన్నా అవమానకరమైనది ఇంకొకటుంది. విషం కలిపిన తీపి ఎరలు పెట్టగా పెట్టగా, కొన్ని జర్మన్ బొద్దింకలు గ్లూకోజు మానేశాయి. 1993లో దీన్ని గమనించారు. వాటి నోటికి గ్లూకోజు చేదుగా తగులుతోందని 2013లో తేల్చారు. పదిహేనేళ్లుగా చక్కెర వ్యాధితో ఉండి, పెళ్లిలో రెండో పూర్ణం దగ్గర చెయ్యి అడ్డం పెట్టలేని నేను, ఈ ప్రాణిని అజ్ఞాని అని ఎలా అనగలను?

ఇరవై ఫ్లాట్లలోనూ ఒకే వారంలో మందు పెట్టించి, గొట్టాల చుట్టూ కంతలు పూడ్చి, కారే కుళాయిలు బాగుచేయిస్తే పని జరుగుతుందని ఆ కుర్రవాడే చెప్పాడు. సంఘం సమావేశంలో ఆ మాటే పెట్టాను. "మా ఇంట్లో అసలు లేవండీ" అని పంతొమ్మిది మంది ఒకే గొంతుతో అన్నారు. ఇరవయ్యోవాణ్ని నేను. నలుగురిలో పరువు పోతుందని నేనూ అదే అన్నాను. సంఘం రికార్డుల ప్రకారం మా భవనంలో బొద్దింకలు లేవు.

మొన్న శ్రావణ శుక్రవారం పక్క ఫ్లాటులో కొత్తగా దిగినవారు పాలు పొంగించారు. ఆవిడ మా ఇంటికి పొంగలి గిన్నె తెచ్చి, వెళుతూ వెళుతూ గొంతు తగ్గించి అడిగింది.

"అన్నయ్యగారూ, ఇక్కడ బొద్దింకలేమైనా ఉన్నాయా?"

ముందురోజు రాత్రే రెండు డబ్బాల స్ప్రే ఖాళీ చేశాను.

"మా ఇంట్లో అయితే లేవమ్మా" అన్నాను.