సినిమా డబ్బాలో రావట్లేదు, మరి సుంకం దేని మీద?

2025 సెప్టెంబరు 29న ట్రంప్ తన ట్రూత్ సోషల్‌లో మళ్లీ పాత పాటే పాడాడు. అమెరికా బయట తీసిన సినిమా ఏదైనా సరే, నూటికి నూరు శాతం సుంకం వేస్తాడట. మే నెలలోనూ ఇదే అన్నాడు. కాకపోతే ఈసారి సరిగ్గా 'ఓజీ' అక్కడి థియేటర్లలో ఆడుతున్న వారం కావడంతో మన వాట్సాప్ గ్రూపుల్లో లెక్కలు మొదలయ్యాయి. డల్లాస్‌లో టికెట్ డబుల్ అవుతుందా, అక్కడి హక్కులు కొన్న బయ్యర్ మునుగుతాడా, సంక్రాంతి సినిమాల ఓవర్సీస్ రేట్లు పడిపోతాయా అని ఒకటే టెన్షన్. 'బాహుబలి' రెండో భాగం ఉత్తర అమెరికాలో 2 కోట్ల డాలర్లు దాటినప్పటి నుంచి మన నిర్మాత ఆ ఏరియాని నైజాంతో (తెలంగాణతో) పాటు లెక్కేసుకుంటున్నాడు కాబట్టి కంగారు పడటంలో తప్పులేదు.

నాకు మాత్రం వచ్చిన మొదటి డౌటు వేరు. సుంకం సరే, దేని మీద వేస్తాడు?

పూర్వం రీళ్లు రేకు డబ్బాల్లో వెళ్లేవి. విమానం నుంచి డబ్బాలు దిగితే లెక్కపెట్టుకోవడానికి ఒక వస్తువంటూ ఉండేది. ఇప్పుడు సినిమా హార్డ్ డిస్కులోనో, నెట్ ద్వారానో థియేటర్ సర్వర్‌కి చేరుతుంది. దాన్ని తెరిచే తాళం, అదే కేడీఎం, విడిగా వస్తుంది. అది ఫలానా తెర మీద, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే పనిచేస్తుంది (ఆ తాళం వేళకి అందక ప్రీమియర్ షో ఆగిపోతే హాల్లో కాగితాలు చేతపట్టుకుని కూర్చున్న ఫ్యాన్స్ బాధ వర్ణించలేం). ఇందులో సరుకు ఏది? డిస్కు ఖరీదు మీద సుంకమా, సినిమా మొత్తం బడ్జెట్ మీదా, అక్కడి వసూళ్లలో బయ్యర్ వాటా మీదా? హైదరాబాద్‌లో సగం, యూరప్‌లో సగం తీసి గ్రాఫిక్స్ లాస్ ఏంజెలెస్‌లో చేయిస్తే అది ఏ దేశపు సినిమా? ఆ పోస్టుల్లో వీటికి జవాబు లేదు. పైగా ట్రంప్ తన సుంకాలు చాలావాటికి వాడుకున్న అత్యవసర అధికారాల చట్టంలోనే, పుస్తకాలూ సినిమాల లాంటి వాటి జోలికి ఆ అధికారంతో వెళ్లకూడదని మినహాయింపు రాసి ఉంది. నెట్‌లో వెళ్లే సరుకు మీద కస్టమ్స్ సుంకం వేయకూడదని ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలు 1998లో ఒప్పుకుని, ఆ ఒప్పందాన్నే పొడిగించుకుంటూ వచ్చాయి, అందులో అమెరికాదే పెద్ద గొంతు.

అలాగని ట్రంప్ ఏడుపంతా ఉత్తదే అనలేం. హాలీవుడ్ అనే ఊళ్లో షూటింగులు నిజంగానే తగ్గాయి, అక్కడి వడ్రంగులు, లైట్ల వాళ్లు పని లేక ఊరు వదులుతున్నారు. ఎందుకంటే పక్కవాళ్లు డబ్బిచ్చి పిలుస్తున్నారు. వాంకూవర్ లాస్ ఏంజెలెస్‌కి విమానంలో మూడు గంటల దూరం, గడియారం కూడా ఒకటే, కెనడా డాలరు చవక. ఇవి చాలవన్నట్టు స్థానికులకిచ్చే జీతాల్లో 16 శాతం అక్కడి కేంద్రం వెనక్కిస్తుంది, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం తన వంతుగా ఇచ్చే 28 శాతాన్ని 2025లో 36 చేసింది.

కెనడా దాకా ఎందుకు, అమెరికాలోనే జార్జియా చాలు. 2008 చట్టంతో ఆ రాష్ట్రం ఖర్చులో 20 శాతం పన్ను క్రెడిట్ (కట్టాల్సిన పన్నులో తగ్గింపు) ఇస్తోంది, సినిమా చివర పేర్లు పడేటప్పుడు రాష్ట్రం వాళ్ల పీచ్ పండు లోగో వేస్తే ఇంకో 10 శాతం. ఆ పండు బొమ్మ విలువ ఒక్కో పెద్ద సినిమాకి కోట్ల డాలర్లు! అట్లాంటాలో ఉండే మనవాళ్లు హాల్లో చివరిదాకా కూర్చుంటే చూసే ఉంటారు. ఇందులో అసలు కిటుకేంటంటే, నిర్మాణ సంస్థ జార్జియాలో పన్ను కట్టాల్సిన అవసరమే లేకపోయినా ఆ క్రెడిట్‌ని పన్ను కట్టాల్సిన ఇంకో కంపెనీకి అమ్ముకోవచ్చు. పేరుకి పన్ను రాయితీ, చేతికొచ్చేది నగదు. దాంతో మార్వెల్ సినిమాలు వరసగా అట్లాంటా చుట్టుపక్కలే తీశారు. మరి ఇప్పుడు? అదే మార్వెల్ కొత్త అవెంజర్స్ సినిమాని లండన్ దగ్గర పైన్‌వుడ్‌లో తీసింది. బ్రిటన్ కూడా రాయితీ ఇస్తుంది, పైగా అక్కడ ప్రభుత్వ వైద్యం ఉంది కాబట్టి యూనిట్ ఆరోగ్య బీమా బరువు నిర్మాత నెత్తిన పడదు. జార్జియా రేటు అలాగే ఉంది, అతిథులు లేచి వెళ్లారు.

మిషిగన్ కథ ఇంకా ఘోరం. 2008లో ఏకంగా 42 శాతం దాకా ఇస్తామన్నారు. పాంటియాక్ అనే ఊళ్లో మూతబడ్డ జనరల్ మోటార్స్ ప్రాంగణంలో స్టూడియో కట్టి, దాని బాండ్లకి ప్రభుత్వోద్యోగుల పింఛను నిధిని హామీ పెట్టారు. గవర్నర్ మారాక రాయితీకి కోత పడింది, షూటింగులు ఆగిపోయాయి, 2012లో స్టూడియో బాండ్ల కిస్తీ ఎగ్గొడితే ఆ పింఛను నిధి నుంచే కట్టాల్సి వచ్చింది. 2015లో పథకానికే తాళం వేశారు. కార్ల ఊరికి సినిమా ఊరు అవ్వాలన్న సరదా ఏడేళ్లలో తీరిపోయింది. ఇంత జరిగినా పోటీ ఆగలేదు, 2025లో కాలిఫోర్నియా తన వార్షిక రాయితీని 33 కోట్ల డాలర్ల నుంచి 75 కోట్లకి పెంచింది.

మనవాళ్లేం తక్కువ తినలేదు. 'సాహో' యాక్షన్ సీన్లు అబుదాబిలో తీయడానికి ఎడారి అందం ఒక్కటే కారణం కాదు, అప్పట్లో అక్కడ ఖర్చులో 30 శాతం వాపసు వచ్చేది. మన కేంద్రం కూడా ఇక్కడికొచ్చి తీసే విదేశీ సినిమాలకి వాపసుని 2023లో 40 శాతానికి, గరిష్ఠంగా 30 కోట్ల రూపాయలకి పెంచింది.

ఈ విషయంలో అమెరికా వాళ్లకంటే మనకే ఎక్కువ తెలియాలి, ఎందుకంటే ఒక పరిశ్రమ మొత్తాన్ని ఊరు మార్చిన వాళ్లం మనం. రాష్ట్రం 1956లో వచ్చినా తెలుగు సినిమా మాత్రం మద్రాసు వడపళనిలోనే ఉంది. అమీర్‌పేటలో సారథి స్టూడియో వచ్చింది, అక్కినేని హైదరాబాద్‌కి మకాం మార్చారు, అయినా పరిశ్రమ కదల్లేదు. ప్రభుత్వం రాష్ట్రంలోనే తీసిన సినిమాలకి సబ్సిడీ ఇచ్చింది, వినోదపు పన్నులో రాయితీ ఇచ్చింది, 1975లో ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టింది, రాళ్లగుట్టల్లో స్టూడియోలకి స్థలాలిచ్చింది. 1976లో అన్నపూర్ణ, ఆ రోజుల్లోనే నాచారంలో ఎన్టీఆర్ స్టూడియో వచ్చాయి. అప్పుడు కూడా జరిగిందేంటంటే, రాయితీ కోసం షూటింగ్ ఇక్కడ చేసి, టెక్నీషియన్లని మద్రాసు నుంచి రైల్లో దించి, పనైపోయాక మళ్లీ రైలెక్కించడం. ల్యాబ్ అక్కడ, రికార్డింగ్ థియేటర్ అక్కడ, ఫైట్ మాస్టర్ ఇల్లూ వాకిలీ అక్కడ. రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చిన 1996 నాటికి గానీ 'ఇక మద్రాసు అక్కర్లేదు' అని ధైర్యంగా అనగలిగే పరిస్థితి రాలేదు. దాదాపు నలభై ఏళ్లు! ఈలోపు సినిమా పనివాళ్లతో హైదరాబాద్ కృష్ణానగర్ నిండింది, మణికొండలో సినీ కార్మికుల ఇళ్లకి 67 ఎకరాలిస్తే చిత్రపురి కాలనీ లేచింది. పన్ను రాయితీకంటే ఆ రెండు పేటలే పరిశ్రమని ఇక్కడ కట్టి పడేశాయని నా అభిప్రాయం. 2025 ఆగస్టులో కార్మికులు 30 శాతం వేతన పెంపు కోసం పని ఆపితే 18 రోజులు షూటింగులు బంద్ అయ్యాయి, చివరికి మూడేళ్లలో 22.5 శాతానికి ఒప్పుకున్నాకే లైట్లు వెలిగాయి. ఊరు పరిశ్రమని పట్టుకుందా, పరిశ్రమ ఊరిని పట్టుకుందా అనే డౌటు ఉన్నవాళ్లు ఆ 18 రోజులు చూస్తే చాలు.

2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల చేతిలో వినోదపు పన్ను అనే పగ్గం పోయింది. వంద లోపు టికెట్‌కి ఇప్పుడు 5 శాతం, పైన 18, అదీ జీఎస్టీ కౌన్సిల్ చెప్పినట్టే. రాష్ట్రం మహా అయితే తన వాటా వదులుకోగలదు. అందుకే బేరం టికెట్ రేటు మీదకి మారింది. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన జీవో గుర్తుందా? హీరో, డైరెక్టర్ పారితోషికాలు కాకుండా బడ్జెట్ వంద కోట్లు దాటిన సినిమాకి మొదటి పది రోజులు రేటు పెంచుకోవచ్చు, కానీ 20 శాతం షూటింగ్ రాష్ట్రంలో చేసి ఉండాలి. పన్ను అనే మాట లేకపోయినా ఇది పన్ను రాయితీకి తమ్ముడే. తేడా ఏంటంటే, జార్జియా ఇచ్చేది ఖజానా నుంచి, ఇక్కడ ఇచ్చేది టికెట్ కొనే ప్రేక్షకుడి జేబు నుంచి.

నిర్మాత వైపు నుంచి చూస్తే 20 శాతం పెద్ద కష్టం కాదు. విశాఖ బీచ్‌లో ఒక పాట, అరకులో ఒక ఫైటు, బొర్రా గుహల దగ్గర నాలుగు సీన్లు పెట్టుకుంటే రోజుల లెక్క దగ్గరికొచ్చేస్తుంది. అయితే ఆ రోజుల్లో కెమెరా వెనక ఎవరుంటారు? కృష్ణానగర్‌లో తెల్లారకముందే యూనిట్ బస్సెక్కిన వాళ్లే. జనరేటర్ వ్యాన్ హైదరాబాద్ నుంచే, మేకప్ వాళ్లు అక్కణ్నుంచే, యూనియన్ కార్డులూ అక్కడివే. విశాఖకి మిగిలేది లాడ్జి అద్దె, క్యాటరింగ్, గుంపు సీన్లలో నిలబడ్డ కుర్రాళ్లకి ఒక పూట బత్తా. అక్కడ కొండ మీద రామానాయుడు స్టూడియో ఉంది, సముద్రం ఉంది. ఉదయం ఆరింటికి ఫోన్ చేస్తే ఏడింటికల్లా లొకేషన్లో ఉండే లైట్‌మన్లు పాతికమంది ఊళ్లోనే దొరుకుతారా అంటే, విశాఖ వెళ్లే ఏ ప్రొడక్షన్ మేనేజర్ అయినా ముందు హైదరాబాద్ నంబర్లే తిప్పుతాడు.