ఓడి వెండి తెచ్చిన ఫ్రాంక్‌ఫర్ట్ వీరులు

క్రీడా చరిత్రకారులు గెలిచినవాళ్ల వెంట పడి అమూల్యమైన కాలాన్ని వృథా చేస్తున్నారు. గెలుపులో పరిశోధించడానికి ఏముంది? ఎక్కువ పాయింట్లు చేశారు, గెలిచారు. ఓడి కూడా పైకి రావడమే అసలైన విద్య. ఆ విద్యకు జర్మనీలో ఒక పీఠం ఉందనీ, అది ఫ్రాంక్‌ఫర్ట్‌లోని 1880 క్లబ్బనీ పాఠకులకు సవినయంగా మనవి చేస్తున్నాను.

పుట్టిన సంవత్సరాన్నే ఇంటిపేరుగా పెట్టుకున్న ఈ ఔత్సాహికుల క్లబ్బు రగ్బీ ఆడుతుంది. కోల బంతిని చంకన పెట్టుకుని ఒకడు పరిగెత్తడం, మిగిలినవాళ్లు వాణ్ని పట్టి పడెయ్యడం స్థూలంగా ఈ ఆట సారాంశం. హైడెల్‌బర్గ్‌లో చదువుకోవడానికి వచ్చిన ఇంగ్లీషు కుర్రాళ్లు దీన్ని జర్మన్లకు అంటించారు. ఆ ఊళ్లో రగ్బీకి పెద్దదిక్కు రెండు పడవ పోటీల సంఘాలు. నీళ్ల మీద తెడ్డు వేసేవాళ్లు గట్టెక్కి బురదలో ఎందుకు పొర్లారని అడగకండి. క్రమశిక్షణ గల దేశం, ఏదో కారణం ఉండే ఉంటుంది.

ఇక 1900 పారిస్ ఒలింపిక్స్. ప్రపంచ ప్రదర్శనకు తోకగా కట్టిన ఆ క్రీడలు మే నెలలో మొదలై అక్టోబరు దాకా సాగాయి. రగ్బీలో మూడే జట్లు. జర్మనీ తరఫున ఫ్రాంక్‌ఫర్ట్ క్లబ్బు వెళ్లింది. అక్టోబరు 14న ఫ్రాన్స్ చేతిలో 27-17 తేడాతో ఓడింది. రెండు వారాల తర్వాత బ్రిటన్ పేరుతో మోజ్లీ వాండరర్స్ అనే జట్టు వచ్చింది. రాత్రంతా ప్రయాణం చేసి, దిగిన రోజే ఆడి, 27-8తో ఓడి, ఇంటిదారి పట్టింది. జర్మనీ, బ్రిటన్ తలపడవలసిన మూడో మ్యాచ్ జరగనే లేదు.

ఇప్పుడు గణితం. ఫ్రాన్స్ రెండూ గెలిచింది కాబట్టి మొదటి స్థానం. మిగిలిన ఇద్దరూ తలా ఒక మ్యాచ్ ఆడారు, తలా ఒకటి ఓడారు. ఎవరు గొప్ప? అప్పటికి బంగారం, వెండి, కాంస్యం పద్ధతి లేదు. తర్వాతి కాలంలో ఆ లెక్కలు కట్టిన పెద్దలు ఇద్దరికీ వెండి రాసి పుణ్యం కట్టుకున్నారు. కాంస్యం అనే అవమానం ఎవరికీ దక్కలేదు. ఒక్క మ్యాచ్ ఆడి, ఆ ఒక్కటీ ఓడి, జర్మన్ క్లబ్బు ఒలింపిక్ చరిత్రలో రెండో స్థానంలో స్థిరపడింది. ఆ మూడో మ్యాచ్ జరిగి ఉంటే ఎవరో ఒకరు గెలిచి మొత్తం చెడగొట్టేవారు.

ఈ మార్గం ఎంత గట్టిదో తర్వాతి ఒలింపిక్స్ నిరూపించాయి. 1908లో వచ్చినవి రెండే జట్లు. ఆస్ట్రేలియా చేతిలో ఓడిన బ్రిటన్‌కు మళ్లీ వెండి. 1924లో రుమేనియా ఆడిన రెండు మ్యాచ్‌లూ చిత్తుగా ఓడి కాంస్యం పట్టుకుపోయింది. గురువులు ఒక్క ఓటమితో సాధించినదానికి శిష్యులకు రెండు పట్టాయి, పైగా లోహం కూడా తక్కువరకం.

పారిస్‌లో ఓడిన మూడు వారాలకు, అంటే 1900 నవంబరు 4న, కాసెల్ నగరంలో జర్మన్ రగ్బీ సమాఖ్య పుట్టింది. దేశం తరఫున ఆడటం, ఓడటం పూర్తయ్యాక దేశానికొక సంఘం వచ్చిందన్నమాట. మన వైపు ముందు సంఘం పుడుతుంది, దానికి అధ్యక్షుడు పుడతాడు, ఆయన బావమరిది కార్యదర్శి అవుతాడు; ఆటగాళ్లు తీరిగ్గా ఎప్పుడో పుడతారు. జర్మన్లు ఈ సంప్రదాయాన్ని తలకిందులు చేయడం నాకు నచ్చలేదు.

అయితే కాగితం నడపడంలో వాళ్లను తీసిపారేయలేం. జర్మనీ జాతీయ జట్టు మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఎప్పుడు ఆడిందని అడిగితే 1927 ఏప్రిల్ 17 అని చెబుతారు. మరి 1900లో ఆడింది? అది జాతీయ జట్టు కాదు, క్లబ్బు జట్టు. మరి పతకం? అది మాత్రం జర్మనీదే. ఓటమిని క్లబ్బు ఖాతాలో వేసి, వెండిని దేశం ఖాతాలో జమ చేసిన ఆ గుమాస్తా ఎవరో గానీ శిలావిగ్రహానికి అర్హుడు.

గెలిస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. 1927 మే 15న అదే ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జర్మనీ 17-16తో ఫ్రాన్స్‌ను ఓడించింది. 1938లో అక్కడే 3-0తో మళ్లీ ఓడించింది. దక్కినది శూన్యం. 1924 తర్వాత ఒలింపిక్స్ నుంచి రగ్బీని తీసేశారు మరి. 1938 గెలుపు వెంటనే వచ్చిన రెండో ప్రపంచ యుద్ధం ఆ తరం ఆటగాళ్లను చాలామందిని మింగేసింది. అక్కడ నా వెటకారానికి పనిలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ క్లబ్బు కూడా యౌవనంలో కొన్ని జాతీయ టైటిళ్లు గెలిచి తప్పు చేసింది. 1925లో గెలిచాక తేరుకుని, తర్వాతి టైటిల్‌కు 2008 దాకా ఆగింది. 83 ఏళ్ల నిగ్రహం! విశ్వామిత్రుడికి కూడా మధ్యలో మేనక అడ్డువచ్చింది. ఈలోగా 1995లో రగ్బీ అధికారికంగా వృత్తి క్రీడ అయి, ఇతర దేశాల్లో ఆటగాళ్లకు జీతాలు మొదలయ్యాయి. జర్మన్ క్లబ్బుల్లో చాలామంది మాత్రం నేటికీ ఆదివారం దెబ్బలు తిని సోమవారం ఆఫీసుకు వెళ్తున్నారు.

గెలుపు ఎంత ప్రమాదమో హైడెల్‌బర్గ్ వాళ్లకు 2018లో తెలిసివచ్చింది. 1872లో పుట్టిన ఆ పడవల క్లబ్బు రుమేనియాకు చెందిన టిమిషోవారా జట్టును ప్లే-ఆఫ్‌లో ఓడించి, యూరప్ క్లబ్బుల రెండో శ్రేణి పోటీ అయిన యూరోపియన్ చాలెంజ్ కప్‌కు అర్హత సాధించింది. ఆ గౌరవం అంతకుముందు ఏ జర్మన్ క్లబ్బుకూ దక్కలేదు. ఆ క్లబ్బు పోషకుడు హాన్స్-పీటర్ విల్డ్, కాప్రీ-సన్ పళ్లరసాల యజమాని. ఆయన అంతకు ముందు ఏడాదే పారిస్‌లోని స్టాడ్ ఫ్రాన్సే క్లబ్బును కొనుక్కున్నారు. ఒకే మనిషి చేయి రెండు క్లబ్బుల మీద ఉండటం కుదరదని నిర్వాహకులు హైడెల్‌బర్గ్‌ను పక్కన పెట్టారు. ఖాళీ అయిన చోటును ఎవరితో నింపాలన్న ప్రశ్నకు వాళ్లు పెద్దగా తల బద్దలు కొట్టుకోలేదు. హైడెల్‌బర్గ్ చేతిలో ఓడిన టిమిషోవారాను పిలిచారు.