తిరిగొస్తారని రుజువేంటి?

భీమవరం దగ్గర పల్లెలో ఉండే మా పెదనాన్నకి అరవై ఎనిమిదేళ్లు. ఎనిమిది ఎకరాల రొయ్యల చెరువు, కొంచెం వరి పొలం, ఊళ్లో డాబా ఇల్లు ఉన్నాయి. పెద్దమ్మని ఒక్కసారైనా యూరప్ తిప్పుకురావాలని పదకొండు రోజుల టూర్‌కి డబ్బు కట్టారు. ఇద్దరూ హైదరాబాద్ వచ్చి, మా ఇంట్లో రెండు రోజులు ఉండి, వీసా కోసం వేలిముద్రలు ఇచ్చి వెళ్లారు. మూడు వారాలకి పాస్‌పోర్టులతో పాటు చెరొక అచ్చు కాగితం వచ్చింది. అందులో కారణాల జాబితా, ఒక కారణం పక్కన టిక్కు. వీసా గడువు ముగిసేలోగా మీరు మా భూభాగం విడిచి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు అని దాని సారాంశం. నేను చదివి చెబితే పెదనాన్నకి కోపం కన్నా ముందు నవ్వొచ్చింది. “చెరువులో పిల్ల వదిలి నలభై రోజులైందిరా. దాన్ని గాలికొదిలేసి అక్కడ గిన్నెలు తోముకుంటూ కూర్చుంటానా?”

టూరిస్టు వీసా ఫారం ఎన్ని పేజీలున్నా, ఎన్ని కాగితాలు జత చేయమన్నా, అడిగేది చివరికి ఒక్కటే: తిరిగొస్తారా? అమెరికా అయితే ఈ అనుమానాన్ని చట్టంలోనే రాసుకుంది. అక్కడి వలస చట్టం 214(బి) సెక్షన్ ప్రకారం, సందర్శకుడిగా వస్తానన్న ప్రతి ఒక్కరినీ స్థిరపడటానికి వస్తున్నవాడిగానే అనుకోవాలి. కాదని రుజువు చేసుకునే బాధ్యత మనదే. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ నుంచి ముఖం వేలాడేసుకుని బయటికొచ్చేవాళ్ల నోట వినిపించే ‘టూ ఫోర్టీన్ బీ’ ఇదే. ఆ ప్రశ్న అడగడం తప్పని నేను అనను. గడువు దాటి ఉండిపోయేవాళ్లు ఉన్నారు, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. నా పేచీ అంతా ఆ ప్రశ్నకి ఏ జవాబును ఒప్పుకుంటున్నారన్న దాని మీదే.

పేస్లిప్పులు, ఆఫీసు ఇచ్చిన లీవ్ లెటర్, మూడేళ్ల ఐటీఆర్, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్. ఇదీ ఫైలు. నెలనెలా ఒకటో తారీఖున జీతం పడే మనిషిని కళ్ల ముందు పెట్టుకుని తయారుచేసిన ఫైలు. రైతు ఇందులో ఎక్కడా ఇమడడు. మన దేశంలో వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి చాలామందికి ఐటీఆరే ఉండదు, ఉన్నా అందులో చిన్న అంకె. పంట చేతికొచ్చినప్పుడు డబ్బంతా ఒక్కసారి బ్యాంకులో పడుతుంది, మిగతా నెలలు ఖాతా ఎండిపోయి ఉంటుంది. అధికారి కంటికి అది వీసా కోసం ఎవరి దగ్గరో అప్పు తెచ్చి వేసిన డబ్బులా కనిపిస్తుంది. పట్టాదారు పాస్‌బుక్ తర్జుమా చేయించి పెట్టొచ్చు. భీమవరం పక్కన ఎనిమిది ఎకరాల చెరువంటే ఏంటో ఢిల్లీలో కూర్చున్న విదేశీ అధికారికి ఎవరు చెప్పాలి? పెద్దమ్మ పరిస్థితి ఇంకా విచిత్రం. నలభై ఐదేళ్లుగా ఇల్లూ పొలమూ చూసుకుంటున్న మనిషికి ‘వృత్తి’ అన్న గడిలో గృహిణి అని రాసి, ఖర్చు భర్త భరిస్తారని లెటర్ పెట్టాం.

నిజానికి ఊరికి ఎక్కువ కట్టుబడి ఉండేది ఎవరు? చెరువున్న ముసలాయనా, రెండు నెలల నోటీసిచ్చి ఉద్యోగం మారిపోయే ఇరవై ఆరేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడా? యూరప్‌లో ఉండిపోవడానికి కారణం, వయసు, చదువు అన్నీ రెండోవాడికే ఉన్నాయి. కాగితాలు మాత్రం వాడివే శుభ్రంగా ఉంటాయి.

2024లో మన దేశం నుంచి షెంజెన్ వీసాకి, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసాకి, 11 లక్షలకు పైగా దరఖాస్తులు వెళ్తే, సుమారు 1 లక్షా 65 వేలు తిరస్కరణకు గురయ్యాయి. అంటే దాదాపు ఏడుగురిలో ఒకరు. ఆ ఏడాది జూన్‌లోనే ఫీజు 80 నుంచి 90 యూరోలకు పెరిగింది. వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా ఫీజు వెనక్కి రాదు. ఆ తిరస్కరణల మీద ఫీజు లెక్క వేసుకుంటేనే కోటి యూరోలు దాటుతుంది. దరఖాస్తు కేంద్రం సర్వీస్ ఛార్జీ, కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ఇన్సూరెన్సు, వేలిముద్రల కోసం కుటుంబమంతా చేసే ప్రయాణం వేరు. స్లాట్ దొరక్క పడే టెన్షన్‌కి ధర కట్టలేం. ఎండాకాలం సెలవులకు వెళ్లాలంటే సంక్రాంతి నుంచే స్లాట్ల వేట మొదలవుతుంది. నియమం ప్రకారం ప్రయాణానికి ఆరు నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు, తుది నిర్ణయానికి వాళ్లకి సాధారణంగా 15 రోజులు, అవసరమైతే 45 రోజులు. ఇక అసలు వీసా రాకుండా టికెట్ కొనొద్దని ఒకవైపు సలహా, టికెట్ బుకింగ్ చూపించమని ఇంకోవైపు షరతు. ఈ రెంటి మధ్య పుట్టిందే డమ్మీ టికెట్ వ్యాపారం. నిజాయితీగా వెళ్లొచ్చేవాడితో కూడా మొదటి అడుగులోనే ఒక ఉత్తుత్తి కాగితం పెట్టించే పద్ధతి ఇది.

తిరస్కరిస్తే పైకి అడగొచ్చా? షెంజెన్ నియమాల్లో అప్పీలు హక్కు ఉంది, కానీ ఏ దేశం నిరాకరిస్తే ఆ దేశపు చట్టం ప్రకారమే నడుస్తుంది. జర్మనీలో ఇంతకుముందు ఖర్చు లేకుండా, పునఃపరిశీలించమని ఎంబసీకే ఉత్తరం రాసుకునే వీలుండేది. 2025 జూలై 1 నుంచి ప్రపంచమంతటా దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు మళ్లీ ఫీజు కట్టి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా బెర్లిన్ కోర్టుకి వెళ్లాలి. పదకొండు రోజుల టూర్ కోసం బెర్లిన్‌లో వ్యాజ్యం! అమెరికా 214(బి)కి అప్పీలే లేదు.

ఇంత గందరగోళంలో నాకు సబబుగా తోచిన ఏర్పాటు ఒకటుంది. 2024 ఏప్రిల్‌లో ఐరోపా సంఘం భారతీయుల కోసం తెచ్చిన మార్పు అది. మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవాళ్లకి మూడోసారి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా, ఆ తర్వాత పాస్‌పోర్టుకి గడువుంటే అయిదేళ్లది ఇస్తారు. ఇందులో న్యాయం ఉంది. తిరిగొస్తాడనడానికి ఇంతకుముందు తిరిగొచ్చాడన్నదాన్ని మించిన రుజువు ఏముంటుంది? కానీ ఆ మొదటి వీసా దగ్గరే మన సామెత అడ్డం తిరుగుతుంది. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు.

“ఈ గోలంతా ఎందుకు, వీసా అక్కర్లేని దేశాలు బోలెడున్నాయిగా” అంటారు. ఉన్నాయి. థాయ్‌లాండ్ 2023 నవంబరులో మనకి వీసా ఎత్తేసింది, 2024 జూలైలో ఆ గడువును 30 నుంచి 60 రోజులకు పెంచింది. మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజులకు రానిస్తోంది. వియత్నాం ఈ-వీసా 25 డాలర్లకి ఇంట్లో కూర్చునే వస్తుంది. ఇవన్నీ మంచివే, విశాఖ నుంచీ హైదరాబాద్ నుంచీ మధ్యతరగతి కుటుంబాలు వెళ్లొస్తున్నది ఈ దేశాలకే. అయితే వీసా తీసేసినంత మాత్రాన ‘తిరిగొస్తారా?’ అన్న ప్రశ్న మాయమైపోలేదు. ఎంబసీ నుంచి ఎయిర్‌పోర్టుకి మారింది, అంతే.

శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ అడిగే అమ్మాయి మీద చాలామంది విసుక్కుంటారు. ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది? సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ని తీసుకెళ్తే విమానయాన సంస్థకి జరిమానా, పైగా అతన్ని వెనక్కి తెచ్చే బాధ్యత కూడా సంస్థదే. అందుకే టిమాటిక్ అనే డేటాబేస్‌లో ఏ దేశానికి ఏం కావాలో చూసి గానీ బోర్డింగ్ పాస్ ఇవ్వరు. అక్కడ పాస్‌పోర్టు గడువు ఆరు నెలల కన్నా వారం తక్కువున్నా ఆగిపోవచ్చు. థాయ్‌లాండ్‌కి 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు, మలేసియాకి ఇంకో డిజిటల్ కార్డు, చేరడానికి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. రెండూ ఉచితం. గూగుల్‌లో ముందు కనిపించిన సైట్‌లో డబ్బు కట్టేసి, తర్వాత నాలుక కరుచుకునేవాళ్లు మాత్రం మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

చిన్న చిన్న మెలికలు చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. నేపాల్‌కి వీసా లేదు కదా అని ఆధార్ పట్టుకుని బయల్దేరేవాళ్లుంటారు. పదిహేనేళ్ల లోపు పిల్లలకీ, 65 దాటినవాళ్లకీ తప్ప మిగతావాళ్లకి అది చెల్లదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. కెన్యా సఫారీకి వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందు వేయించుకోకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ప్రభుత్వమే ఆరు రోజులు క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

పేరు సంగతి మాత్రం చిన్న మెలిక కాదు. తెలుగువాళ్లకి ఇది ప్రత్యేకమైన తలనొప్పి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, పదో తరగతి సర్టిఫికెట్‌లో అది ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, పెళ్లయ్యాక ఆడవాళ్లకి ఆధార్‌లో ఒకటీ పాస్‌పోర్టులో ఒకటీ ఉంటుంది. సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసిన పాస్‌పోర్టులు మన ఊళ్లలో కోకొల్లలు. 2022 నవంబరులో యూఏఈ ఒక నియమం పెట్టింది: పాస్‌పోర్టులో ఒకే పదం పేరుగా ఉన్నవాళ్లకి విజిట్, టూరిస్టు వీసా మీద ప్రవేశం లేదు. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరేనని తర్వాత సడలించారు. అమెరికా వీసాలో అయితే సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్ల పేరంతా ఇంటిపేరైపోయి, అసలు పేరు దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. పేరు తెలియదు అని అర్థం. బారసాల చేసి పెట్టిన పేరు!

‘తిరిగొస్తారా?’ అన్న ప్రశ్న అడిగేవాళ్లలో మన ఇమిగ్రేషన్ కూడా ఉంది. ఇది చాలామంది ఊహించని మలుపు. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) అని ఉంటుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, వాళ్లు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాల్సిన దేశాలు 18 ఉన్నాయి. గల్ఫ్ దేశాలతో పాటు థాయ్‌లాండ్, మలేసియా కూడా అందులో ఉన్నాయి. షికారుకి వెళ్తే అనుమతి అక్కర్లేదు. కానీ నిజంగా షికారుకేనా అని అధికారి నిలదీస్తాడు, నమ్మకపోతే విమానం ఎక్కనివ్వడు. కోనసీమ ఆడవాళ్లనీ, నిజామాబాద్, జగిత్యాల కుర్రాళ్లనీ విజిట్ వీసా మీద గల్ఫ్‌కి తోలి పనికి పెట్టడం ఏజెంట్ల పాత విద్య కాబట్టి ఈ అనుమానం.

వీసా లేని దారి ఆ విద్యకి ఇంకా వెసులుబాటు ఇచ్చింది. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, థాయ్‌లాండ్‌లో టూరిస్టుల్లా దింపి, నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీ సైబర్ మోసాల ముఠాలకి అప్పగించారు. 2025 మార్చిలో థాయ్‌లాండ్ సరిహద్దు పట్టణం మే సాట్ నుంచి వైమానిక దళ విమానాల్లో రెండు రోజుల్లో 549 మంది భారతీయుల్ని వెనక్కి తెచ్చారు. వాళ్లలో మన రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు. ఇరాన్ కథా అలాంటిదే. 2024 ఫిబ్రవరిలో 15 రోజుల వీసా మినహాయింపు ఇచ్చింది. ఉద్యోగాల ఆశ చూపి రప్పించి, కిడ్నాప్ చేసి డబ్బు గుంజిన ఘటనలు బయటపడ్డాక 2025 నవంబరు 22 నుంచి దాన్ని నిలిపేసింది. కాబట్టి శంషాబాద్‌లో నాలుగు ప్రశ్నలు అడగడాన్ని నేను పూర్తిగా తప్పుపట్టలేను. చదువుకోని మనిషిని చూడగానే కూలీకి వెళ్తున్నాడని ఖాయం చేసుకోవడాన్ని మాత్రం తప్పుపడతాను. పదో తరగతి పాసవనివాడికి సముద్రం చూడాలని ఉండదా?

పాస్‌పోర్టు ర్యాంకుల వార్తలు వచ్చినప్పుడల్లా మనవాళ్లు ఎందుకంత మురిసిపోతారో, కుంగిపోతారో నాకు అర్థం కాదు. హెన్లీ సూచీలో 2025 జూలైలో మనది 77వ స్థానం, అక్టోబరులో 85. ఆ మూడు నెలల్లో మా పెదనాన్న ఫైలు బరువు పెరగలేదు, తగ్గలేదు. విదేశాంగ శాఖ బేరమాడాల్సింది ఆ అంకె గురించి కాదు. వాణిజ్య ఒప్పందాలకి కూర్చున్నప్పుడు మూడు విషయాలు అడగొచ్చు. తిరస్కరణ కాగితంలో టిక్కు బదులు రెండు వాక్యాల కారణం రాయమనాలి. భూమి రికార్డులనీ, పంట అమ్మిన రసీదులనీ జీతం కాగితాలతో సమానంగా చూడమనాలి. మొదటిసారి వెళ్లే అరవై దాటినవాళ్లకి తక్కువ రోజులకైనా వీసా ఇచ్చి, తిరిగొచ్చాక నమ్మమనాలి. మూడోది ఎక్కువ ఆశేనని తెలుసు. పైగా మనమూ ఇతర దేశాలవాళ్లని ఇలాగే జల్లెడ పడుతున్నాం, డాలస్‌లో పుట్టిన మనవడు గుంటూరు తాత దగ్గరికి రావాలన్నా ఓసీఐ కార్డో వీసానో ఉండాల్సిందే.

పెదనాన్న ఇప్పుడు బ్రిటన్ వెళ్దామంటున్నారు, మేనల్లుడు అక్కడ ఉన్నాడు. మొన్న ఆదివారం ఆన్‌లైన్‌లో ఫారం నింపుతుంటే, ఇంతకుముందు ఏ దేశమైనా మీకు వీసా నిరాకరించిందా అన్న ప్రశ్న వచ్చింది. అబద్ధం రాస్తే పదేళ్ల నిషేధం దాకా పడొచ్చని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, “అవుననే కొట్టు. చెరువు పట్టుబడి అయ్యాక పంపుదాం, అప్పటికి ఖాతాలో డబ్బుంటుంది” అన్నారు. అప్పుడే పంపితే మళ్లీ ఒక్కసారిగా పడిన డబ్బే కనిపిస్తుందని ఎలా చెప్పాలో తెలియక, ఫారం సేవ్ చేసి లాప్‌టాప్ మూసేశాను.