ఈగ గుడ్డులో మొదటి పని తల్లిదే

పిండం మొదటి నిమిషం నుంచే సొంత జన్యువులతో నడుస్తుందని వ్యాసంలో రాశారు. డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ విషయంలో అది కుదరదు సార్. మాది నల్గొండ పక్కన బత్తాయి తోట. రాలి మురిగిన కాయల మీద ముసురుతాయి చూడండి, ఎర్రకళ్ల చిన్న ఈగలు, అవే. ఇంటర్‌లో మా జువాలజీ సార్ అరటిపండు ముక్కేసిన సీసాతో పట్టించేవారు, సగం ఎగిరిపోయేవి!

ఆ ఈగ గుడ్డులో మొదటి 13 విభజనలు దాదాపు తల్లి నింపి పంపిన ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లతోనే జరిగిపోతాయి. అదీ కేంద్రకాలే చీలుతాయి, మధ్యన కణపొరలు రావు. మొదట్లో ఒక్కో విభజనకు పది నిమిషాలు కూడా పట్టదు. పిండం సొంత జన్యువులు పెద్దఎత్తున పనిలోకి దిగేది 14వ విభజన చక్రంలో. అప్పటి నుంచి ‘స్ట్రింగ్’ అనే జన్యువు ఏ కణంలో పనిచేయడం మొదలైతే ఆ కణమే రెండుగా విడిపోతుంది. ఈ ముక్క వ్యాసంలో చేరిస్తే బాగుండు.